కొత్తబట్టతో కుదరని కానుక

సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడినప్పుడల్లా మన పత్రికలకు ఒక మాట గుర్తొస్తుంది: అతుకుల బొంత. తలా ఒక ముక్క తెచ్చి కలిపారు, రేపోమాపో ఊడిపోతుంది అని దాని భావం. బొంత కుట్టడం తెలిసినవాళ్ళు మాత్రం ఈ పోలిక తెచ్చి ఉండరు. ముక్కను పక్క ముక్కతో అతకడం బొంతలో చిన్న పని. నిండు చీరలతో కుట్టిన బొంతల్లో అతుకే కనిపించదు. ఒకదానిమీద ఒకటి పరిచిన పొరలన్నిటినీ గుచ్చుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళే కుట్టే అసలు పని. ఒకచోట దారం తెగితే ఆ జానెడు మేరే వదులవుతుంది, పక్క వరసలు పొరల్ని పట్టుకునే ఉంటాయి. ఊడిపోయేదానికి పోలికే కావాలంటే పత్రికలు మరోటి వెతుక్కోవాలి. ఈ మాటలోని చులకన అక్కడితో ఆగలేదు. పురిటికొచ్చిన కూతురి బిడ్డ కోసం, కాపురానికి వెళ్ళే పిల్ల కోసం, హాస్టల్లో చేరే మనవడి కోసం ఇళ్ళలో బొంతలు కుట్టి ఇస్తూనే ఉన్నారు. అయినా దాన్ని కానుక అనడానికి మనకు నోరు రాదు. కానుకంటే అంగడి నుంచి రావాలి, మడత నలగకూడదు, ధర చీటీ చింపిన గుర్తయినా ఉండాలి. చేత్తో చేసిన కానుకల్ని మెచ్చుకునేవాళ్ళు కూడా ‘ఎంత ప్రేమగా కుట్టారో, ఎంత కష్టపడ్డారో’ అనే అంటారు తప్ప వస్తువు సంగతి ఎత్తరు. బొంత విషయంలో ఈ మెచ్చుకోలు గురి తప్పింది. దాని విలువ ముందు బట్టలో ఉంది, ఆ బట్ట పాతది కావడంలో ఉంది. పాతచీరను కొత్తబట్ట కొనలేక వాడిన సర్దుబాటు అనుకుంటాం గానీ, ఈ పనికి కొత్తబట్ట కంటే అదే మేలైన సరుకు.

నూలుచీర మగ్గం దిగేటప్పటికే గంజి పట్టి ఉంటుంది. పడుగు దారాలు నేతలో ఒరుసుకుని తెగకుండా ఉండాలంటే గంజి పెట్టక తప్పదు. పైగా మగ్గం మీద బిగించి లాగిన దారం బట్టలో ఆ బిగువుతోనే ఉండిపోతుంది. ఉతుకులు పడేకొద్దీ గంజి వదులుతుంది, బిగువు సడలి దారం కుదించుకుంటుంది, పీచు విచ్చుకుని తడిని త్వరగా పీలుస్తుంది. ఏళ్ళ తరబడి కట్టి ఉతికిన చీరలో ఇక కుదించుకునేది ఏమీ ఉండదు. ఈ చివరి గుణమే బొంతకు ప్రాణం. నాలుగు రకాల కొత్తబట్టలు పొరలుగా వేసి కుట్టామనుకోండి, మొదటి ఉతుకులో ఒక్కో పొర ఒక్కో మేర కుదించుకుంటుంది. ఒకటి లాగుతుంది, ఇంకొకటి ఉబ్బుతుంది, మధ్యలో నలిగేది కుట్టే. పాతబట్టకు కొత్తగుడ్డ మాసిక పనికిరాదన్న సంగతి మీదే సువార్తల్లో ఒక ఉపమానం నడుస్తుంది. దర్జీలకూ ఇల్లాళ్ళకూ ఎప్పటి నుంచో తెలిసిన విషయం గనకే అది ఉపమానంగా పనికొచ్చింది. పాతచీరల పొరలైతే తమ కుదింపులన్నీ ముందే ముగించుకుని వస్తాయి, ఒకదానితో ఒకటి పోట్లాడవు. ఇక మెత్తదనం సరేసరి. బారసాల దాకా బిడ్డకు కొత్తబట్ట వేయని ఇళ్ళు చాలా ఉన్నాయి. దాన్ని ఆచారం అంటారు గానీ, పొత్తిళ్ళలోని పసికందు చర్మానికి గంజి బిరుసు తగలకూడదన్న వివేకం అందులో ఉంది. ఆ మెత్తదనాన్ని కొనాలంటే దొరకదు. ఒక మనిషి ఆ చీరను కట్టి, పిండి, ఆరేసి, మళ్ళీ కట్టి తయారుచేయాల్సిందే.

పని చూడటానికి సులువు. అమ్మాయిలకు సూది చేతికిచ్చినప్పుడు అన్నిటికంటే ముందు నేర్పే కుట్టు ఇందులోది. సూది దిగాలి, లేవాలి, మళ్ళీ దిగాలి, అంతే. గొలుసుకుట్టు, కాడకుట్టు లాంటి నేర్పులేవీ అక్కర్లేదు. కష్టం పొరలు పరచడంలో ఉంది. జీర్ణించిన పంచెలు, చిరిగిన చీరలు లోపలికి పోవాలి, కాస్త గట్టిగా ఉన్న చీర పైకీ కిందికీ రావాలి. జరీ అంచు ఒరుసుకుంటుంది, తీసెయ్యాలి. గద్వాల చీరలాంటిదైతే ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ ఒకేలా ఉతుకులకు ఓర్చవు కాబట్టి అంచు కత్తిరించి నూలు ఒళ్ళునే వాడుకోవాలి. గచ్చు మీద చాప పరిచి, మొదటి పొర వేసి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమురుతూ ముడత తీయాలి. పై పొర వేసినప్పుడల్లా అదే పని. నాలుగు మూలలా బరువులు పెట్టి, అడ్డంగా నిలువుగా పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేసుకుంటే పొరలు జరగవు. అప్పుడు అసలు కుట్టు. దారం ముడి పైకి కనపడకుండా పొరల మధ్యకు లాగేయాలి. దారం బిగిస్తే గుడ్డ కుచ్చు పడుతుంది, వదిలేస్తే కాలివేళ్ళకు తగులుకుంటుంది. ఈ రెంటికీ మధ్య బిగువు ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు, వేళ్ళే చెప్పాలి. ఎంత కుట్టు పడుతుందో లెక్క కడదాం. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే 1.83 మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పు వస్తుంది. ఒక మనిషి పడుకోవడానికి చాలు. వరసకూ వరసకూ మధ్య 2 సెంటీమీటర్లు వదిలితే 57 వరసలు, మొత్తం 104 మీటర్ల కుట్టు. సెంటీమీటరు కుట్టు, సెంటీమీటరు ఖాళీ చొప్పున సూది దాదాపు 5,200 సార్లు దిగి లేవాలి. వరసలు అంత దగ్గరగా ఎందుకంటే, దూరం పెరిగేకొద్దీ లోపలి చీకిన పొర జారి ఒక మూలకు ఉండ కడుతుంది. దగ్గరి కుట్టు ఉంటే, పిండితే చిరిగిపోయేంత నీరసించిన గుడ్డ కూడా పక్క పొరల బలం మీద ఇంకొన్నేళ్ళు బతుకుతుంది. కుట్టు వరసల వెంట అందంగా కనిపించే ఆ అలల గీతలు అలంకారం కోసం పుట్టినవి కావు, పాతగుడ్డ అవసరంలోంచి పుట్టినవి.

గంతకు తగ్గ బొంత అని ఎగతాళికి వాడే సామెతలోనూ ఈ కానుక రహస్యం ఒకటి దాగి ఉంది. బొంత ఎప్పుడూ దేనికో, ఎవరికో తగ్గ కొలతలోనే పుడుతుంది. ఒళ్ళో పట్టే పసిబిడ్డకు రెండు మూడు పొరలు చాలు, ఎక్కువైతే ఉతికాక ఆరదు. చలికి ముడుచుకునే ముసలాయనకు ఆరేడు పొరలు కావాలి, కానీ ఆయన దాన్ని ఎత్తి దులుపుకోగలగాలి. ఎవరి చీర ఎవరి బిడ్డకు పైపొరగా రావాలన్నది కూడా కుట్టేవాళ్ళు ఆలోచించుకునే విషయమే. ఇది మన ఒక్క చోటి సంగతి కాదు. బెంగాలీలు కాంతా అనే ఈ పనికి మనవాళ్ళ నిఘంటువుల్లో కంథ అన్న మాట ఉంది, అర్థం బొంతే. కోల్‌కతా శివార్లలోని గురుసదయ్ మ్యూజియంలోని ఒక ప్రసిద్ధ కాంతాను పందొమ్మిదో శతాబ్దంలో మానదాసుందరి అనే ఆమె తన తండ్రి కోసం కుట్టింది, ఆ సంగతి దారంతో దాని మీదే రాసుకుంది. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టే కవంది అనే బొంతకు నాలుగు మూలలా మడత పెట్టిన గుడ్డతో ‘ఫూల’ అనే పువ్వులు పెడతారు. అవి లేనిదే కవంది బోసిగా ఉన్నట్టే వాళ్ళ లెక్క. వాళ్ళ కుట్టు అంచు దగ్గర మొదలై చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుతుంది, మన వరసల్లా నిలువుగా పోదు. పద్ధతులు వేరు, సరుకు మాత్రం ఒకటే: ఇంట్లోవాళ్ళు కట్టి విడిచిన బట్ట.

ఇదంతా లేమిలోంచి పుట్టిన అలవాటు, దానికి ఇప్పుడు కళ అని పేరు పెట్టడం కడుపు నిండినవాళ్ళ ముచ్చట అని ఒక ఆక్షేపణ ఉంది. మొదటి సగం నిజం. రజాయి కొనగలిగినవాళ్ళు అయిదు వేల కుట్లు వేసుకుంటూ కూర్చోలేదు. అయితే లేమిలో పుట్టింది గనక విలువ లేదనడం ఎలా కుదురుతుంది? అమెరికాలో అలబామా నది వంపులో ఉన్న జీస్ బెండ్ ఊరి నల్లజాతి స్త్రీలు, పత్తి తోటల్లో బానిసలుగా బతికినవాళ్ళ వారసులు, చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టారు. 2002లో అవి హ్యూస్టన్‌లోనూ, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోనూ గోడలకెక్కాయి. 2006లో తపాలా బిళ్ళల మీదకూ వచ్చాయి. మ్యూజియం ఒప్పుకుంటేనే విలువ అని చెప్పడానికి కాదు ఈ ఉదాహరణ. ఆ బొంతల్లో ఒకటి 1942లో మిస్సూరీ పెట్‌వే అనే ఆమె చనిపోయిన భర్త పనిబట్టల్ని విప్పి కుట్టింది. అతన్ని తలుచుకుంటూ దాని కింద పడుకోవడానికి కుట్టుకుంది. ఆ పనికి కొత్తబట్ట ఎంత ఖరీదైనదైనా పనికిరాదు. లేమే ఈ విద్య నేర్పింది, ఒప్పుకుందాం. నేర్చుకున్నాక తెలిసింది మాత్రం, కలిమి ఉన్నా ఈ సరుకు అంగట్లో దొరకదని. బౌద్ధ భిక్షువుల చీవరాలకు పారేసిన గుడ్డముక్కల్ని కుట్టే పద్ధతి ఉంది. మగధ పొలాల గట్ల తీరున ముక్కలు కూర్చమని శిష్యుడు ఆనందుడికి బుద్ధుడు చెప్పినట్టు వినయపిటకం చెబుతుంది. పాతగుడ్డకు మర్యాద కొత్తగా మనం కల్పిస్తున్నది కాదు.

రెండో ఆక్షేపణ ఇంతకంటే బరువైంది. ఇళ్ళలో ఈ కుట్టు ఎవరిది? ఆడవాళ్ళది. కూలి ఎంత? సున్న. ప్రేమ పేరుతో వాళ్ళ నడుములు విరిచే పనిని పొగడటం మళ్ళీ అదే చాకిరీకి పూలదండ వేయడం కాదా? మన దేశంలో జరిగిన 2019 కాలవినియోగ సర్వే లెక్కలో జీతం లేని ఇంటిపనులు చేసేవాళ్ళలో స్త్రీలకు రోజుకు సగటున 299 నిమిషాలు పోయాయి, పురుషులకు 97. ఈ అంకెల పక్కన కూర్చుని అయిదు వేల కుట్ల గొప్ప చెప్పడానికి కొంచెం సిగ్గుపడాలి. బొంత విలువను శ్రమలో చూడొద్దన్నది అందుకే. శ్రమే విలువైతే ఎంత ఎక్కువ నలిగితే అంత గొప్ప కానుక అవుతుంది, అది క్రూరమైన లెక్క. విలువ బట్టలో ఉందనుకుంటే కుట్టు ఎవరైనా వేయొచ్చు, కూలి ఇచ్చి వేయించుకోవచ్చు. వీధుల్లో తిరిగి, పాతచీరలు తీసుకుని అరుగు మీదే బొంత కుట్టి ఇచ్చేవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. అలా కుట్టించిన బొంత కానుక కాకుండా పోతుందా? చీర ఆ ఇంటిదే, కొలత ఆ బిడ్డదే, పోయేదేమీ లేదు. కుట్టినవాళ్ళకు న్యాయమైన కూలి అందాలి, అంతే. ఇంకో మాట. సూది ఆడవాళ్ళదన్నది ఇంటి గడప లోపలి మాట. బజారులో కుట్టుమిషను ముందు మగవాళ్ళూ కూర్చుంటారు. తెలంగాణలో మేరవాళ్ళకు అదే కులవృత్తి. అన్నిటికంటే ముందు నేర్పే కుట్టు మగపిల్లలకు మాత్రం రాదనడానికి కారణం వేళ్ళలో లేదు.

సరే, ఇప్పుడు ఇళ్ళలో నూలుచీరలెక్కడివి అని అడగొచ్చు. ఈ ప్రశ్నకు తప్పించుకునే జవాబు లేదు. పాలిస్టర్ చీర ఎన్నిసార్లు ఉతికినా నూలులా మెత్తబడదు. సాధారణ తేమలో నూలు తన బరువులో దాదాపు 8 శాతం నీటిని పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. చెమట పీల్చని బొంత వేసవిలో ఒంటికి అంటుకుంటుంది. అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడాలి. నూలైతే కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద. పాలిస్టరైతే కరిగి నల్లపూసలా గట్టిపడుతుంది. నూలు చీరలు తక్కువైన ఇంట్లో అమ్మమ్మల మంగళగిరి, వెంకటగిరి చీరలు ఒకటి రెండైనా, పంచెలూ లుంగీలూ మెత్తబడిన పిల్లల చొక్కాలూ ఉంటాయి. పెద్ద బొంత రాకపోతే ఒళ్ళో వేసుకునే చిన్నది వస్తుంది. చాలినంత పాతబట్ట లేదని కొత్తబట్ట కొని బొంత కుట్టడమే నవ్వొచ్చే పని. పాతబట్టలా కనిపించేలా ఉతికించి మరీ అమ్మే కాంతా దుప్పట్లు ఇప్పుడు అంగళ్ళలో ఉన్నాయి. బాగానే ఉంటాయి, కాకపోతే వాటి పాతదనం ఎవరిదీ కాదు. ఇక విదేశాల్లో పురుళ్ళు పోయడానికి వెళ్ళే అమ్మల 23 కిలోల సూట్‌కేసుల్లో పచ్చళ్ళతో పాటు బొంతలూ ప్రయాణం చేస్తుంటాయి. అక్కడి డాక్టర్లు బిడ్డ పడుకునే తొట్టిలో దుప్పట్లు, మెత్తని పరుపులు, బొంతలు ఏడాది దాకా వద్దంటారు, ఊపిరి అడ్డుపడే ప్రమాదం ఉందని. ఆ మాట వినాల్సిందే, ఇక్కడైనా అంతే. అలాగని బొంతకు పని లేకుండా పోదు. మేలుకుని ఉన్న బిడ్డను నేలమీద బోర్లా వేయడానికి, పాలిచ్చేటప్పుడు ఒళ్ళో పరుచుకోవడానికి, ఒంటికి నూనె రాసేటప్పుడు కింద వేయడానికి అంతకంటే మంచి గుడ్డ లేదు.

చేతిపని కానుకల మీద ఉన్న మామూలు ఫిర్యాదు బొంతకు తగలదు. ఎవరో కష్టపడి చేసి ఇచ్చిన బొమ్మనో గోడకు తగిలించే అల్లికనో నచ్చకపోయినా పారేయలేం, వాళ్ళొచ్చినప్పుడల్లా కనిపించేలా పెట్టాలి. ఇచ్చినవాళ్ళ కష్టం మన నెత్తిన అప్పుగా కూర్చుంటుంది. బొంతను ఎవరూ గోడకు తగిలించమనరు. తడపొచ్చు, తొక్కొచ్చు, ప్రయాణంలో నేలమీద పరవొచ్చు, బిడ్డ పాడుచేస్తే ఉతికి ఎండేయొచ్చు. అరిగిపోవడం దానికి అవమానం కాదు. పైపొర పలచబడితే దాన్ని విప్పరు. ఇంట్లో అప్పటికి మెత్తబడిన ఇంకో చీర దాని మీద పరిచి, మళ్ళీ వరసలు వేస్తారు. నిన్నటి పైపొర ఇవాళ లోపలి పొర అవుతుంది. అలా రెండు మూడుసార్లు పొరలెక్కిన బొంతకు ఏదో ఒక మూల, కుట్టు వదిలి గుడ్డ చిట్లిన చోట, లోపలి చీర అంచు ఒకటి కనిపిస్తుంది. అది ఎవరి చీరో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు.