మాలు గట్టిగొచ్చింది

హైదరాబాద్ మూసాపేటలో స్లాబులు ఎక్కువగా రాత్రిళ్లే పడతాయి. పగలు నగరంలో బరువు వాహనాలకు ఆంక్షలుంటాయి కాబట్టి కాంక్రీటు బండ్లు చీకటి పడ్డాకే వస్తాయి. 2022లో కైతలాపూర్ ఫ్లైఓవర్ తెరిచాక హైటెక్ సిటీ మరింత దగ్గరైంది. సందుల్లో పాత ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. సైట్ ఇంజనీరుగా ఆ రాత్రుల్లో నేను పదే పదే వినే మాట: "సార్, మాలు గట్టిగొచ్చింది. పంపు గుంజుతలేదు. జర నీళ్లు కొట్టిద్దామా?"

మాలు, అంటే కలిపిన కాంక్రీటు, గట్టిపడిందని మేస్త్రీ చెప్పే ఇబ్బంది నిజమే. అడిగే మందే సరైంది కాదు.

సిమెంటు నీళ్లలో పడగానే కరిగిపోదు. కంటికి ఆనని రేణువులుగా ఉండిపోతుంది. 50 కిలోల బస్తాకు 20 లీటర్ల నీళ్లు కలిపితే, ఆ ముద్దలో దాదాపు 44 శాతం చోటు రేణువులదే. ఒకే సైజు గుండ్రటి రేణువుల్ని కలగాపులగంగా ఎంత కుదించినా 64 శాతం దగ్గర ఆగిపోతాయి. పొద్దున ఆఫీసు వేళ మెట్రో పెట్టెలో ఒకరు కదలాలంటే నలుగురు జరగాల్సినట్టే, ఇక్కడా ప్రతి రేణువూ పక్కదాన్ని తోసుకునే కదలాలి. రేణువులు కలిసిన ద్రవం ఎంత చిక్కబడుతుందో ఐన్‌స్టీన్ 1906లో లెక్కగట్టి, 1911లో సరిదిద్దాడు: ఒక శాతం రేణువులకు రెండున్నర శాతం. ఆ లెక్క పలుచటి ద్రవాలకే. రద్దీ పెరిగాక చిక్కదనం అమాంతం లేస్తుంది.

పైగా ఈ సన్నటి రేణువులు ఒకదాన్నొకటి లాక్కుని గుత్తులు కడతాయి. మనం పోసిన నీళ్లలో కొంత ఆ గుత్తుల్లోనే చిక్కుకుపోతుంది. అంటే పారడానికి కావాల్సిన నీరు చాలాసార్లు మాలులోనే ఉంటుంది, బయటికి రావాలంతే. ఆ పని చేసేది అడ్మిక్చర్. దాని పొడవాటి అణువులు రేణువుల మీద అతుక్కుని వాటిని దగ్గరికి రానివ్వవు. గుత్తి విడిపోతుంది, నీరు బయటపడుతుంది, మాలు పారుతుంది. సైట్‌లో కొలత ప్రకారం కలిపే ఈ మందును నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

హోస్ పైపుతో నీళ్లు కొట్టే సంగతి వేరు. 6 క్యూబిక్ మీటర్ల బండిలో, క్యూబిక్ మీటరుకు 350 కిలోల సిమెంటు, 0.45 నీటి-సిమెంటు నిష్పత్తి అనుకుందాం. నీళ్లు 945 లీటర్లు. ఇంకో వంద లీటర్లు కొడితే నిష్పత్తి దాదాపు 0.50 అవుతుంది. అదనపు నీరు సిమెంటుతో కలవకుండా మిగిలి, ఆరాక సన్నటి రంధ్రాలు వదిలిపోతుంది. బలం తగ్గేది అక్కడే. కంకర కిందికి దిగి, నీళ్లు పైకి తేలి, స్లాబు పైపొర పొడిపొడిగా రాలుతుంది.

అందుకే స్లంప్ కోన్ అంటే నాకు గౌరవం. 30 సెంటీమీటర్ల ఎత్తు, అడుగున 20, పైన 10. పొరపొరకూ కడ్డీతో 25 పోట్లు పొడిచి, నింపి, కోన్‌ను నిటారుగా పైకి లేపితే మాలు తన బరువుకు తానే కుంగి ఒకచోట ఆగుతుంది. తన బరువు కదిలించలేని స్థితికి వచ్చిందన్నమాట. ఎంత కుంగిందో ఆ కొలతే దాని పట్టును చెబుతుంది. వైబ్రేటర్ పెట్టగానే అదే ముద్ద మళ్లీ పారుతుంది, తీయగానే నిలబడుతుంది. కదిలిస్తేనే పారే ఈ గుణం లేకపోతే సెంట్రింగ్ మూలల్లోకి కాంక్రీటు చేరేదే కాదు.

ఒక్క చూపుతో మాలు పట్టు పసిగట్టే మేస్త్రీలున్నారు. అయినా చూపు కొలతకు బదులు కాదు. బండి బయల్దేరాక గడిచిన సమయం, వేడి, ట్రాఫిక్ అన్నీ మాలును గట్టిపరుస్తాయి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు నా మనవి ఇదే. స్లాబు రోజు మీరు సైట్‌లో ఉండండి. ప్రతి బండికీ స్లంప్ కోన్ పెట్టించండి. కాంక్రీటు క్యూబులు తీయించి 28వ రోజు పరీక్ష కాగితం అడిగి తీసుకోండి. బండి డ్రమ్ములోకి హోస్ పైపు పెట్టబోతే అక్కడే ఆపించి ఇంజనీరును పిలవండి.