అతుకు వేలికి తగలకూడదు

హాకర్ హంటర్ కన్నా అందమైన జెట్ విమానం ఇంతవరకూ పుట్టలేదు. ఈ మాట మీద నాతో పోట్లాడేవాళ్లున్నారు. మిగ్-21 అంటే ప్రాణమిచ్చేవాళ్లు, లైట్నింగ్ పేరెత్తితే కుర్చీలోంచి లేచి నిలబడేవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వాళ్ల ప్రేమ వాళ్లది. నేను మాత్రం ముక్కు నుంచి తోక దాకా చెయ్యెత్తకుండా ఒక్క గీతలో గీసినట్టుండే ఆ ఒంటినీ, భుజాల దగ్గర రెక్కల్లోకి ఒదిగిపోయిన ఆ గాలి ద్వారాలనూ చూశాక మరో విమానాన్ని ఆ పక్కన నిలబెట్టలేకపోయాను. దాని బుల్లి నమూనా కట్టడం కష్టం కావడానికి కారణం కూడా ఆ అందమే. మూలలూ మిట్టపల్లాలూ ఉన్న విమానంలో పనివాడి తప్పు ఎక్కడో ఒకచోట దాక్కుంటుంది. హంటర్ ఒంటి మీద తప్పుకు నీడ దొరకదు.

దీన్ని రూపొందించిన సర్ సిడ్నీ కామ్ కూడా మొదట మనలాంటివాడే. ఇంగ్లండ్‌లోని విండ్సర్‌లో వడ్రంగి కొడుకు. అన్నదమ్ములతో కలిసి బొమ్మ విమానాలు చేసి పక్కనే ఉన్న ఈటన్ బడి పిల్లలకు అమ్మేవాడు. 1912లో విండ్సర్‌లో నమూనా విమానాల క్లబ్ పెట్టినవాళ్లలో ఆయనొకడు. ఆ చేతులే తర్వాత హరికేన్‌ని, సీ హాక్‌ని, హంటర్‌ని గీశాయి. 1951 జూలై 20న నెవిల్ డ్యూక్ హంటర్‌ని మొదటిసారి గాల్లోకి లేపాడు. 1953 సెప్టెంబర్ 7న అదే డ్యూక్, ఎర్రరంగు పూసిన అదే తొలి విమానంతో గంటకు 727.63 మైళ్ల వేగం అందుకుని ప్రపంచ రికార్డు కొట్టాడు. బ్రిటన్, బెల్జియం, నెదర్లాండ్స్‌లలో కలిపి దాదాపు రెండు వేలు తయారయ్యాయి. మన దేశం 1957లో ఆర్డరిచ్చింది. 1971 డిసెంబర్‌లో లోంగేవాలా ఇసుకలో పాకిస్తాన్ ట్యాంకుల్ని వేటాడినవి ఇవే. 2001 దాకా మన వైమానిక దళంలో ఉన్నాయి. చరిత్ర ఈ మాత్రం చాలు. నేను చెప్పదలచుకున్నది బల్ల మీద పుట్టే హంటర్ గురించి.

నాకు ఈ విద్య చూపించిన పెద్దాయన వైమానిక దళంలో హంటర్లకు సర్వీసింగ్ చేసిన టెక్నీషియన్. రిటైరయ్యాక మల్కాజిగిరిలో ఇల్లు కట్టుకుని, భోజనాల బల్ల చివర ఒక మూరెడు జాగా తనదని ప్రకటించుకుని, అక్కడే ముప్పయ్యేళ్లు బుల్లి విమానాలు కట్టారు. పత్రికల్లో తన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. నా మొదటి హంటర్‌ని గర్వంగా పట్టుకెళ్లి చూపిస్తే ఆయన దాన్ని చూడలేదు. కళ్లు మూసుకుని, రెక్క ఒంటికి అతుక్కున్న చోట చూపుడువేలు పెట్టి ముందు నుంచి వెనక్కి నెమ్మదిగా లాగారు. సగం దారిలో వేలు ఆగింది.

"బాబూ, అతుకు కంటికి కనపడకపోతే చాలదు, వేలికి తగలకూడదు" అన్నారు. "అసలు విమానాన్ని నేను గుడ్డతో తుడిచినవాణ్ణి. ఇక్కడ నా చెయ్యి ఎప్పుడూ ఆగలేదు."

ఈ కళలో నేను నేర్చుకున్నదంతా ఆ వేలి చివరే ఉంది.

ఈ నమూనాలకు పాత బ్రిటిష్ కొలత 1/72, అంటే అంగుళానికి ఆరడుగులు. ఆ కొలతలో హంటర్ జానెడు పొడవుంటుంది. నేను మాత్రం 1/48 పక్షం. అసలు హంటర్ దాదాపు 14 మీటర్లు, 1/48లో 29 సెంటీమీటర్లు. రెండు చేతుల్లో పసిబిడ్డలా పడుతుంది. ఎయిర్‌ఫిక్స్ వాళ్లు 2018లో ఈ కొలతలో తెచ్చిన హంటర్ ఎఫ్.6 కిట్ దగ్గరుంటే సగం అదృష్టం మీ ఇంట్లో ఉన్నట్టే. మిగతా సగం మీ ఓపిక. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకు కాయల్లా వేలాడే ముక్కలు కనిపిస్తాయి. వాటిని చేత్తో విరిచేవాడు ఆ రోజే ఓడిపోయినట్టు. నిప్పర్‌తో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొలకను బ్లేడుతో పలచగా చెక్కి, గరుకు కాగితంతో నునుపు చెయ్యాలి.

అసలు పరీక్ష రెక్క దగ్గర. హంటర్ రెక్క వెనక్కి 40 డిగ్రీలు వాలి ఉంటుంది. ఒంటిని కలిసే చోట దానికి గట్టు ఉండదు, అంచు ఉండదు, చీర మడత భుజం మీంచి జారినట్టు జారిపోతుంది. జిగురు పూసి నొక్కి పట్టుకునేవాడికి అక్కడ ఒక లోయ మిగులుతుంది. పెద్దాయన అలా చేసేవారు కాదు. ముందు జిగురు లేకుండా పదిసార్లు అమర్చి చూసేవారు. లోపలి ఏ పలుకు అడ్డొస్తోందో వెతికి గీకేవారు. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు టేపు బిగించి, సందు తనంతట తాను మూసుకునేదాకా సరిచేసేవారు. అప్పుడు నీళ్లలాంటి పలచటి సిమెంటులో సన్నటి కుంచె ముంచి సందు మొదట ఒక్కసారి తాకించేవారు. అంతే. ద్రవం ఆ గీత వెంట తనే పరుగెత్తుతుంది. ఈ సిమెంటు మామూలు జిగురు కాదు, ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కల్ని ఒక్క ముక్క చేస్తుంది. కరిగినది సన్నటి పూసలా పైకి ఉబికి వస్తుంది. దాన్ని ఒక రోజంతా ముట్టకూడదు. ఎండిపోయాక బ్లేడుతో గీకితే అతుకు ఎక్కడుందో కట్టినవాడికే తెలియదు.

ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని సందులు మిగులుతాయి. బజారులో దొరికే పుట్టీ వాడొచ్చు, కానీ అది ఎండి కుదించుకుపోతుంది, చెక్కితే సుద్దలా రాలుతుంది. పెద్దాయన పద్ధతి వేరు. చట్రాల్లో మిగిలిపోయిన ప్లాస్టిక్ తునకలను సిమెంటు సీసాలో నానేసి, తేనెలా చిక్కబడ్డాక దాన్నే సందులో నింపేవారు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసి, దాంతోనే బొమ్మకు చేతులూ కాళ్లూ అతుకుతారు కదా. చెక్కకు చెక్క పొట్టే మక్కు. ప్లాస్టిక్‌కు ప్లాస్టికే మక్కు. ఎక్కడి విండ్సర్, ఎక్కడి కొండపల్లి! పనిమంతుడి బుద్ధి ఒకేలా నడుస్తుంది.

తర్వాత రుద్దడం. 400 నంబరు నీటి కాగితంతో మొదలుపెట్టి 800, 1200 దాకా, ప్రతిసారీ తడిపి. రుద్దేటప్పుడు పక్కనున్న రేకుల గీతలు చెరిగిపోతాయి, వాటిని మళ్లీ సూదితో గీసుకోవాలి. ఆపైన బూడిదరంగు ప్రైమర్ కొడితే అప్పటిదాకా దాగిన ప్రతి లోపం బయటపడుతుంది. మళ్లీ మక్కు, మళ్లీ కాగితం. ఒక రెక్కకు ఆయన మూడు ఆదివారాలు వెచ్చించడం నేను కళ్లారా చూశాను.

కట్టే వరుస కూడా తెలిసి ఉండాలి. ముక్కోణపు గాలి ద్వారాల లోపలి గొట్టాన్ని అతికించక ముందే నునుపు చేసి రంగు వెయ్యాలి, తర్వాత అక్కడికి కుంచె పోదు. ముక్కులో సీసపు గుళ్లు పెట్టడం మరిచిపోతే అంతా అయ్యాక విమానం తోక మీద కూర్చుంటుంది. ముక్కు కింద నాలుగు 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులు ఉంటాయి. తూటాల పట్టీ కొక్కేలు బయటికి ఎగిరి విమానం ఒంటికి తగలకుండా పట్టుకోవడానికి వాటి పక్కన రెండు బుడిపెలు వచ్చాయి. 1950లనాటి ఒక నటి పేరు మీద వాటిని సబ్రినాలు అని పిలిచేవారట. తొలి హంటర్లకు అవి లేవు. కాబట్టి ఏ ఏడాది, ఏ రకం కడుతున్నారో ముందే తేల్చుకోవాలి. రెక్క ముందంచులో పన్నులా పొడుచుకొచ్చిన మెట్టు సంగతీ అంతే, అది ఎఫ్.6తో వచ్చింది. ఇక పొట్ట కింది ఎయిర్‌బ్రేక్. చక్రాలు దించి ఉంటే అది తెరుచుకోదు. అయినా చక్రాల మీద నిలబెట్టిన నమూనాకు ఎయిర్‌బ్రేక్ బార్లా తెరిచి పెట్టే ఘనులు పోటీలకు వస్తూనే ఉన్నారు. పెద్దాయన అలాంటిది చూస్తే ముఖం పక్కకు తిప్పుకునేవారు.

రంగు దగ్గర నాకు చెప్పాల్సింది చాలా ఉంది. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ హంటర్ పైభాగం ముదురు సముద్రపు బూడిద, ముదురు ఆకుపచ్చ. రెండు రంగులు కలిసే అంచు కత్తితో కోసినట్టూ ఉండకూడదు, పొగలా చెదిరిపోనూ కూడదు. బంకమట్టిలాంటి బ్లూట్యాక్‌ని వానపాముల్లా చుట్టి ఆ అంచు వెంట పరిచి, ఎయిర్‌బ్రష్‌ని నిటారుగా పట్టి కొడితే కావలసినంత మెత్తదనం వస్తుంది. ఆపైన మెరుపు పూత, దాని మీద డెకాల్స్, అంటే గుర్తులూ నంబర్లూ అచ్చేసిన పలచటి అంటింపు కాగితాలు. మెరుపు పూత లేకుండా గరుకు రంగు మీద డెకాల్ అతికిస్తే కింద గాలి చిక్కుకుని వెండిపొరలా మెరుస్తుంది, అంతకన్నా అసహ్యం లేదు. అన్నిటికన్నా కష్టమైనది నల్ల హంటర్. 1958లో ఫార్న్‌బరో విమాన ప్రదర్శనలో రాయల్ ఎయిర్‌ఫోర్స్ ట్రెబుల్ వన్ స్క్వాడ్రన్ విన్యాసాల జట్టు బ్లాక్ యారోస్ 22 హంటర్లతో ఒక్కసారిగా గాల్లో చక్రం కొట్టింది. ఆ మెరిసే నలుపును నమూనా మీద సాధించాలంటే ఒక్క నూగు, ఒక్క గీత, ఒక్క వేలిముద్ర ఉండకూడదు. పెద్దాయన ఒకటి చేశారు. దానిలో ఆయన ఇంటి కిటికీ ఊచలు లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు ఒక కొత్త తెగులు పట్టింది. ప్రతి రేకు చుట్టూ నల్లగా నీడ కొట్టి, మధ్యలో తెల్లగా వదిలి, విమానాన్ని చదరంగం బల్ల చేసేస్తున్నారు. ఫోటోలో గొప్పగా కనిపిస్తుందట! లెక్క వేసి చూడండి. 1/48 నమూనా మీద 0.3 మిల్లీమీటర్ల గాడి అసలు విమానం మీద 14 మిల్లీమీటర్లకు పైనే. అందులో నా బొటనవేలు ఇరుక్కుంటుంది. కామ్ కట్టిన హంటర్ అతుకుల్లో బొటనవేళ్లు దూరేవా? ఆ గాడిలో మళ్లీ నల్లరంగు నింపడమా? విమానాన్ని ఎప్పుడూ దగ్గరగా చూడనివాళ్లు, ఒకరి నమూనాను చూసి ఇంకొకరు కట్టడం వల్ల వచ్చిన అనర్థమిది. నమూనాకు గురువు విమానమే, ఇంకో నమూనా కాదు.

అసలు గురువుల్ని తలుచుకోకుండా ఈ మాటలు ముగించలేను. హ్యారీ వుడ్‌మన్ కిట్ల కోసం ఎదురుచూడలేదు. ఉత్త ప్లాస్టిక్ రేకులు కోసి, మొదటి ప్రపంచ యుద్ధపు విమానాలను శూన్యంలోంచి సృష్టించాడు, ఆ విద్యను పుస్తకంగా రాసి అందరికీ పంచిపెట్టాడు. డేవిడ్ గ్లెన్ ఒక్క స్పిట్‌ఫైర్‌కు పదకొండేళ్లు ఇచ్చాడు. అయిదో వంతు కొలతలో, అసలు విమానం లాగే అల్యూమినియం రేకులు తొడిగి, వేల రివెట్లు కొట్టి కట్టిన ఆ స్పిట్‌ఫైర్ హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. 1964 నుంచి పదేళ్లపాటు ఎయిర్‌ఫిక్స్ పెట్టెల మీద బొమ్మలు వేసిన రాయ్ క్రాస్ నమూనాలు కట్టేవాడు కాకపోవచ్చు, కానీ ఆ బొమ్మ చూసి పెట్టె కొన్న పిల్లలే తర్వాతి తరం పనివాళ్లయ్యారు.

ఆ పెట్టెలే ఇప్పుడు కరువు. 1970లలో కిట్లు చేసే ఫ్రాగ్ కంపెనీ పోయింది. 1981లో ఎయిర్‌ఫిక్స్ దివాలా తీసి, చేతులు మారి మారి 2006లో హార్న్‌బీ కంపెనీ దగ్గరకు చేరి ఊపిరి పీల్చుకుంది. మన ఊళ్లలో కిట్లు అమ్మే కొట్టు కనపడటమే అపురూపం. వాటి స్థానంలో రంగులేసి, అతికించి, పీఠం మీద నిలబెట్టిన లోహపు బొమ్మలు వచ్చాయి. ఒక పెద్ద దుకాణంలో అద్దాల అలమరలో "హంటర్" అని చీటీ పెట్టిన బొమ్మ చూశాను. పైలట్ కూర్చునే గాజు పందిరి మీద నీలం రంగు పూశారు. గాలి ద్వారాల్లో కన్నం బదులు నల్లచుక్క. వెల మాత్రం మంచి కిట్ వెలకు మూడింతలు. అది కొని పిల్లవాడి చేతిలో పెట్టిన తండ్రి, హంటర్ అంటే ఇదేనని వాడికి నేర్పినట్టే. బొమ్మ అబద్ధమాడకూడదు. ఆ దుకాణంలోంచి బయటికి వచ్చాక చాలాసేపు నాకు మాట పెగల్లేదు.

పెద్దాయన కన్నుమూసి నాలుగేళ్లయింది. ఆయన సగంలో వదిలేసిన మన వైమానిక దళపు హంటర్ నా బల్ల మీద ఉంది. రెక్కలు అతికాయి, వేలు ఎక్కడా ఆగదు. కానీ రంగు వెయ్యలేకపోతున్నాను. ఆయన సర్వీసింగ్ చేసిన ఆ విమానం నంబరు ఎంత పరిమాణంలో ఉండేది, పచ్చ ఎక్కడ ఆగి బూడిద ఎక్కడ మొదలయ్యేది చెప్పే ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఆయన ఆల్బం ఇల్లు మారినప్పుడు చెదలపాలైంది. వైమానిక దళ స్థావరాల గేట్ల ముందు నిలబెట్టిన పాత విమానాలను చూసి వేద్దామంటే, వాటికి ఏటా గోడలకు వేసే ఎనామిల్ పూసి పాత గుర్తులన్నీ కప్పేశారు.

సికింద్రాబాద్ చుట్టుపక్కల కాలనీల్లో వైమానిక దళంలో పనిచేసి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కోస్తాలో, రాయలసీమలో కూడా ఉంటాయి. మీ నాన్నగారో తాతగారో ఒక జెట్ రెక్క కింద నిలబడి దిగిన నలుపు తెలుపు ఫోటో మీ బీరువాలో ఉండొచ్చు. మీకు అందులో ఆయన ముఖం కనిపిస్తుంది. మాకు ఆయన భుజం వెనక ఉన్న నంబరు, రెండు రంగులు కలిసే అంచు కనిపిస్తాయి. దయచేసి దాన్ని పారెయ్యకండి. వెనక ఊరు, సంవత్సరం పెన్సిల్‌తో రాసి, ఒక కాపీ తీయించి, నమూనాలు కట్టేవాళ్లెవరైనా మీ తలుపు తడితే చూపించండి.