‘ఘ్రాణ గ్రాహకం’: పేరులోని ఏకత్వం, పుట్టుకలోని భేదం

నూజివీడు తోటల్లో చిన్న రసాలు మాగే వేళ ఆ పరిమళం మనిషిని, గబ్బిలాన్ని, పండు ఈగను కూడా ఆకర్షిస్తుంది. ఈ మూడింటిలోనూ వాసనను పసిగట్టే ప్రోటీన్లకు ‘ఘ్రాణ గ్రాహకాలు’ అన్న ఒకే పేరు చెల్లుతున్నది. చేసే పనిని బట్టి ఆ పేరు సమంజసమే. అయితే ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గోత్రం ఒకటి కానక్కరలేదు.

1991లో లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ ఎలుకలలో ఈ జన్యు కుటుంబాన్ని గుర్తించారు. ఘ్రాణ వ్యవస్థపై కృషికి 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఈ గ్రాహకాలు కణత్వచాన్ని ఏడుసార్లు దాటుతూ, జి-ప్రోటీన్ల ద్వారా సంకేతాన్ని అందిస్తాయి. వెన్నెముక లేని ఆంఫియాక్సస్‌లోనూ వీటి జ్ఞాతి జన్యువులు కనిపించాయి. కనుక ఈ కుటుంబం సకశేరుకాల కంటే ప్రాచీనమైనది. తరువాతి పరిణామంలో కొన్ని జన్యువులు ద్విగుణమై పెరిగాయి, కొన్ని పనిచేయడం మానివేశాయి. ఆఫ్రికా ఏనుగులో పనిచేసే ఘ్రాణ జన్యువులు సుమారు 2,000 కాగా, మనిషిలో అవి సుమారు 400 మాత్రమే.

కీటకాల గ్రాహకాలు సైతం కణత్వచాన్ని ఏడుసార్లే దాటుతాయి. ఈ పోలిక వల్ల అవి కూడా ఆ వంశానివే అనిపించడం సహజం. కానీ డ్రోసోఫిలా ఈగపై 2006లో వెలువడిన పరిశోధన వాటి అమరిక తలకిందులుగా ఉన్నదని నిరూపించింది. అవి స్వయంగా అయాన్ మార్గాలుగా పనిచేస్తాయని 2008 నాటి పరిశోధనలు తెలిపాయి. అవి కీటకాల రుచి గ్రాహకాల వంశం నుంచి వేరుగా ఆవిర్భవించాయి.

ఇక్కడే తెలుగు పరిభాషలోని ఒక చిక్కు బయటపడుతుంది. ఉమ్మడి పూర్వికుని నుంచి సంక్రమించిన అవయవాలను పాఠ్యపుస్తకాలు ‘నిర్మాణసామ్య అవయవాలు’ అంటున్నాయి. ఈ పదాన్ని యథాతథంగా అన్వయించే విద్యార్థి, ఏడు దాటులను చూసి, ఈగనూ మనిషినీ ఒకే వంశవృక్షంలో చేరుస్తాడు. లోతైన అమరికే నిజమైన నిర్మాణమని సమాధానం చెప్పవచ్చు. అయినా నిర్మాణసామ్యం సాక్ష్యం మాత్రమే. ఉమ్మడి మూలం దాని నుంచి తేల్చవలసిన నిర్ణయం. సాక్ష్యానికీ నిర్ణయానికీ ఒకే పేరు పెట్టడం శాస్త్రబోధనకు చేటు.

దీని ఫలితం తరగతి గదికే పరిమితం కాదు. మామిడి తోటల్లో వేలాడదీసే మిథైల్ యూజినాల్ ఎరకు మగ పండు ఈగలు ఎందుకు చేరుతాయో వివరించాలంటే కీటక వంశపు గ్రాహకాలనే పరిశీలించాలి. మనిషి ముక్కు గురించి తెలిసినది అక్కడ నేరుగా అక్కరకు రాదు. కావున ‘సకశేరుక ఘ్రాణ గ్రాహకం’, ‘కీటక ఘ్రాణ గ్రాహకం’ అని విడివిడిగా వ్యవహరించడం, ఉమ్మడి పుట్టుకను సూచించడానికి ‘మూలసామ్యం’ వంటి పదాన్ని స్వీకరించడం అవసరం.