పసరు కారకుండా కాలేయం కోసే విద్య

కాలేయాన్ని కోస్తే రెండు కారతాయి: రక్తం, పసరు (పిత్తరసం). రక్తం అక్కడికక్కడే కనిపిస్తుంది, కాసేపటికి గడ్డకడుతుంది. పసరు గడ్డకట్టదు, చిమ్మదు. పొట్ట కుట్టేసి రోగిని వార్డుకు పంపిన తర్వాత ఎప్పుడో జ్వరంగా, కడుపునొప్పిగా బయటపడుతుంది. చేప కోసేటప్పుడు చేదు తిత్తి పగిలితే కూర ఒక్కటే పాడవుతుంది. మనిషి పొట్టలో పసరు నిలిస్తే చీము పట్టి, ప్రాణం మీదికి రావచ్చు.

కాలేయ సర్జన్లు ఈ పసరుతో తరాలుగా పోరాడుతున్నారు. ఆ పోరాటంలో నన్ను బాగా ఆకట్టుకున్నది హనోయ్‌లో 1930లలో జరిగిన పని. తోన్ థాట్ తుంగ్ అనే వియత్నాం యువ సర్జన్ శవాల నుంచి తీసిన రెండు వందల దాకా కాలేయాలను ముందేసుకుని, మెత్తటి కండను ఓపికగా గీకేసి, లోపలి నాళాలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో బొమ్మలు గీసుకున్నారు. కోత పద్ధతికి ఆధారం ఇదే: కండను వేళ్ళతో నలిపితే చితికిపోతుంది, నాళం మాత్రం తెగకుండా నిలబడుతుంది. అలా నిలబడిన ప్రతి నాళాన్నీ విడివిడిగా ముడివేసి, ఆ తర్వాతే కోయాలి. వేళ్ళ స్థానంలో తర్వాత కండను నలిపే క్లాంపు వచ్చింది, ఆపైన అల్ట్రాసౌండ్‌తో కండను తొలిచే యంత్రం వచ్చింది. సూత్రం మాత్రం అదే. 2005లో జ్యూరిక్ సర్జన్లు నాలుగు పద్ధతులను పోల్చి చూస్తే పాత క్లాంపే పని త్వరగా ముగించింది, రక్తమూ తక్కువ పోయింది. ఖరీదైన యంత్రాన్ని చూసి మురిసిపోయేవాళ్ళు గుర్తుంచుకోదగ్గ ఫలితం ఇది.

ఎక్కడ కోయాలన్నదీ ముఖ్యమే. 1950లలో ఫ్రెంచి శాస్త్రవేత్త క్వీనో కాలేయాన్ని ఎనిమిది భాగాలుగా గుర్తించారు. ఆ భాగాల సరిహద్దుల వెంట కోస్తే అడ్డొచ్చే పిత్తనాళాలు తక్కువ. రక్తం కారుతోందని కరెంటుతో ఎడాపెడా కాల్చడం మరో ప్రమాదం. మాడిన పొర కొన్నాళ్ళకు ఊడిపోతే దాని కింది నాళం తెరుచుకుంటుంది. పిత్తనాళం చుట్టూ కండను మరీ శుభ్రంగా ఒలిచేసినా అంతే. దానికి రక్తం తెచ్చే సన్నటి ధమనులు తెగి, నాళం గోడ చచ్చి, ఆలస్యంగా కారుతుంది.

కోత ముగిశాక అసలు పరీక్ష. పిత్తాశయం తీసేసిన చోట మిగిలిన నాళపు మొదలులోకి సన్నటి గొట్టం దూర్చి, ప్రధాన నాళాన్ని కింద వేలితో నొక్కిపట్టి, ద్రవం ఎక్కిస్తారు. ఉప్పునీళ్ళు ఎక్కిస్తే రంగు లేక చిన్న కారుడు కంటికి ఆనదు. నీలిరంగు ఎక్కిస్తే కోసిన చోటంతా అంటుకుని రెండోసారి చూడటానికి వీలుండదు. 2008లో జర్మనీలోని ఎస్సెన్ సర్జన్లు దీనికో తేలిక ఉపాయం ప్రచురించారు. నోటితో తినలేని రోగులకు సెలైన్‌లా ఎక్కించే పాలలాంటి కొవ్వు ద్రవాన్నే వాడారు. కన్నం ఉన్నచోట తెల్లటి చుక్క పైకి వస్తుంది. కరిగిపోయే సన్నటి దారంతో ఒక కుట్టు వేసి, కడిగేసి, మళ్ళీ ఎక్కించి చూస్తారు. పట్టుదారం వేయకూడదు, లోపల ఉండిపోయి దాని చుట్టూ రాయి కట్టవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు, పైన జిగురు పూస్తే పోదా అని అడగొచ్చు. 2007లో స్పెయిన్ సర్జన్లు 300 మందిపై పరీక్షించి, జిగురు వల్ల పసరు కారడం తగ్గలేదని తేల్చారు.

ఇన్ని చేసినా కొందరికి కారుతుంది. మూడో రోజునో ఆ తర్వాతో డ్రెయిన్ గొట్టంలో వచ్చే ద్రవంలో పసరుకు రంగునిచ్చే బిలిరుబిన్ రక్తంలో కంటే కనీసం మూడు రెట్లు ఉంటే దాన్ని పసరు కారుడుగా లెక్కిస్తారు. చిన్నదైతే దానంతటదే మానుతుంది. లేకుంటే ఎండోస్కోపీతో నాళంలో స్టెంటు పెడతారు. పసరుకు పేగులోకి దారి సులువై, కన్నం మూసుకుపోతుంది. ఈ రకం ఎండోస్కోపీ చికిత్సకు హైదరాబాద్ పెద్ద కేంద్రమైందంటే డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి, ఆయన స్థాపించిన ఏఐజీ ఆసుపత్రి అందుకు ముఖ్య కారణం.

స్టెంటుకూ లొంగని కారుడు ఒకటుంది. కొందరిలో కుడివైపు వెనక భాగపు నాళం వెళ్ళి ఎడమ నాళంలో కలుస్తుంది. ఆ సంగతి తెలియక ఎడమ భాగం తీసేటప్పుడు దాన్నీ తెంపేస్తే, ప్రధాన నాళంతో దానికి సంబంధం ఉండదు. తెల్లటి ద్రవం అందులోకి చేరదు కాబట్టి థియేటర్లో పరీక్ష శుభ్రంగానే కనిపిస్తుంది, తర్వాత స్టెంటు వేసినా ఉపయోగం ఉండదు. అందుకే జాగ్రత్తగల సర్జన్లు కత్తి పట్టకముందే పిత్తనాళాలను చూపే ఎంఆర్‌సీపీ స్కాన్ తీయించి, ఆ రోగి నాళాల అల్లికను చూసుకుంటారు.