పల్నాటి వీరచరిత్రమున భక్తియు యుద్ధధర్మమును

పల్నాటి వీరచరిత్రమును గూర్చి మన తరగతులలోను, పరీక్షాపత్రములలోను తరచుగా వినవచ్చు నిర్ణయ మొకటి గలదు. 12వ శతాబ్ది చివరిపాదమున గురజాల, మాచెర్ల రాజ్యములకు నడుమ జరిగిన ఆ పోరు పైకి దాయాదుల తగవుగా కన్పట్టినను, లోపల శైవవైష్ణవ కలహమే యనునది ఆ నిర్ణయము. బ్రహ్మనాయుడు మాచెర్ల చెన్నకేశవుని భక్తుడు. నాయకురాలు నాగమ్మ శివభక్తురాలు. కావున మతమే యుద్ధమునకు మూలమని వాదము. ఈ మాట చెప్పుట సులభము. కాని కావ్యమును దగ్గర నుంచుకొని చదివినపుడు దీనికి తగిన ఆధారము మాకు గానరాలేదు. మతవిశ్వాసము ఈ కథలో ఏ పని చేయుచున్నది, యుద్ధమును ప్రేరేపించుచున్నదా, నివారించుచున్నదా, లేక యుద్ధము ముగిసిన తరువాత దానిని పవిత్రము చేయుచున్నదా యను ప్రశ్నను విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా గ్రంథమును గూర్చి రెండు మాటలు. శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధమైన మంజరీద్విపద భాగమును అక్కిరాజు ఉమాకాంతము గారు 1911లో పరిష్కరించి ప్రకటించిరి. అది ముఖ్యముగా బాలచంద్రుని యుద్ధఘట్టము. కర్తృత్వమును గూర్చి పండితులలో భిన్నాభిప్రాయములు గలవు. మా విచారణకు ఆ వివాదము తేలవలసిన పని లేదు. కథ మొత్తమును పాడుచు నిలిపినవారు వీరవిద్యావంతులు. ఆ గేయసంప్రదాయమును జీన్ రోగేర్ అను అమెరికా పరిశోధకుడు పల్నాటిలో సేకరించి, 1982లో అనువాదముతో గూడ ఆంగ్లమున ప్రకటించెను. మేము ద్విపదను ప్రధానముగా గ్రహించి, అందు లేని పూర్వోత్తర కథలకు మాత్రము గేయసంప్రదాయమును ఆశ్రయించితిమి.

మతము పేర హింస జరిగినపుడు మన ప్రాచీనవాఙ్మయము దానిని దాచలేదు. పల్నాటికి తూర్పున, సముద్రతీరమునకు చేరువనున్న చందవోలు కథయే ఇందులకు నిదర్శనము. మల్లికార్జున పండితారాధ్యుడు వెలనాటిచోడుని కొలువున బౌద్ధాచార్యునితో వాదించుట, ఆ పిమ్మట శిష్యులు ఆ బౌద్ధుని వధించుట, రాజు పండితుని కన్నులు తీయించుట పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున గలవు. అచ్చట వధకు కారణము విశ్వాసమే. కవికి అందు సంకోచము లేదు. చందవోలును పల్నాటిని ఒకదాని ప్రక్క నొకటి యుంచి చూచినచో భేదము స్పష్టమగును. పల్నాటి కథలో ఒక్క దేవాలయమును పడగొట్టవలెనని గాని, ఒక్కని మతము మార్పింపవలెనని గాని ఎవ్వరును కత్తి పట్టలేదు. రాజ్యవిభాగము, కోడిపోరు, ఓడినవారికి ఏడేండ్ల వలస, గడువు తీరినను రాజ్యభాగము నీయకుండుట, రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగమున మరణించుట, ఇవియే వరుసగా యుద్ధమునకు దారితీసిన మెట్లు. వీనిలో ఏదియు మతసిద్ధాంతమునకు సంబంధించినది కాదు. పంతము, ఆడిన మాట, రక్తబంధము, పగ - కథను నడుపు శక్తులు ఇవి.

అట్లైనచో భక్తి చేయు పని యేమి? కథను ఆదినుండి పరిశీలించినపుడు బ్రహ్మనాయుని భక్తి పలుమారులు యుద్ధమునకు అడ్డుపడుచున్నది. పందెము నోడినపుడు అతడు కత్తి దూయక వలస కంగీకరించెను. గడువు తీరినపుడు సేనను గాక రాయబారిని పంపుటకు సమ్మతించెను. ఆ రాయబారి నలగామరాజునకు స్వయముగా అల్లుడు. సేనలు కార్యమపూడి కళమున దిగిన పిమ్మట గూడ సంధిమాట వచ్చినపుడు దానిని త్రోసివేయలేదు. త్రోసివేసినవాడు బాలచంద్రుడు. అలరాజు మరణమునకు ప్రతీకారము లేని సంధి ఆ బాలునకు సంధిగా తోచలేదు.

ఈ ఘట్టమున పల్నాటి కథ భారతకథతో కలిసి నడచుచునే విడిపోవుచున్నదని మా అభిప్రాయము. జూదమునకు కోడిపోరు, అరణ్యవాసమునకు వలస, శ్రీకృష్ణరాయబారమునకు అలరాజు రాయబారము సరిపోవునని పలువురు చెప్పియున్నారు. దీనిని ఆంధ్రభారతమనుటయు గలదు. కాని భారతమున యుద్ధమునకు వెనుదీయువాడు యువకుడైన వీరుడు. ఉపదేశించి పోరికి నిలుపువాడు భగవంతుడు. తిక్కన ఆ ఉపదేశమును మిక్కిలి సంగ్రహించినను, కథలో దాని స్థానమును మార్చలేదు. పల్నాటిలో ఈ సంబంధము తలక్రిందులైనది. విష్ణ్వంశసంభూతుడని కీర్తింపబడిన బ్రహ్మనాయుడే వెనుదీయుచున్నాడు. వాదించి యుద్ధమునకు త్రోయువాడు అతని కుమారుడు. దైవమని పేర్కొనబడినవాని నోట యుద్ధసమర్థన మిచ్చట లేదు. పోరు ధర్మమని చెప్పు భారమును కవి బొంగరములాడు వయస్సు దాటని బాలునిపై నుంచెను. ఆ బాలునకు యుద్ధవార్త తెలిసినదియు బొంగరము తగిలి గాయపడిన ఒక స్త్రీ ఎత్తిపొడుపు వలననే గదా. ఆమె మాటలోని నింద అతనిని రణమునకు నడిపించెను గాని, గురూపదేశమో ఆగమవాక్యమో కాదు.

అనపోతు వృత్తాంతము ఇంతకంటె సూక్ష్మమైనది. బాలచంద్రుని వెంట నడచిన తమ్ములు నానాకులములవారు. అందు అనపోతు బ్రాహ్మణుడు. రణమున అతడు మడిసినచో బ్రహ్మహత్యాదోషము తన్నంటునని బాలచంద్రుడు ఒక నెపమున నతనిని వెనుకకు పంపెను. మోసము నెరిగిన అనపోతు మిత్రులకంటె ముందుగా ప్రాణము విడిచెను. ఇచ్చట శాస్త్రవిశ్వాసము ఒకనికి యుద్ధమునుండి మినహాయింపు నిచ్చినది. ఆ మినహాయింపే అతనికి మరణముకంటె దుస్సహమైనది. యుద్ధము అధర్మమని అనపోతు చెప్పలేదు, ధర్మమనియు చెప్పలేదు. అందరితో కూడి తినినవాడు అందరితో కూడి చావకుండుట తగదని మాత్రము అతని నడవడి చెప్పుచున్నది.

ఈ తావున చాపకూటి ప్రస్తావన అనివార్యము. ఒక్క చాపపై సర్వకులములవారు కలిసి భుజించుట బ్రహ్మనాయుని మతాచరణలో ముఖ్యాంశము. మాలకులజుడైన కన్నమదాసును అతడు కుమారునిగా స్వీకరించి సేనానిని చేసెను. సంఘసంస్కరణగా దీనిని మన విమర్శకులు కొనియాడుట న్యాయమే. కాని కొనియాడువారు ఒక చిక్కును గమనింపవలెను. ఈ సమత్వము పూర్ణముగా అనుభవమునకు వచ్చినది రణభూమిలోనే. ఒక్క చాపపై కూర్చుండినవారు ఒక్క కళమున కూలిరి. భక్తి యుద్ధమును కోరలేదన్న మాట నిజమైనను, ఆ భక్తి కట్టిన సమాజమే యుద్ధమునకు అంత గట్టి సేన నిచ్చినదనుట గూడ నిజమే. ఒకరికొరకొకరు ప్రాణమిచ్చువారిని తయారుచేసిన మతము, వారు ఎప్పుడు ప్రాణము నీయరాదో చెప్పగలిగినదా? మాకు తోచినంతవరకు బ్రహ్మనాయుని వైఫల్య మిచ్చటనే యున్నది. అతని విశ్వాసము అతనిని వారించినది. అతని వారిని వారింపలేదు.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. కవి బ్రహ్మనాయుని పక్షపాతి గనుక శాంతికాముకత్వ మంతయు అతనికే కట్టబెట్టెననవచ్చును. ఇది అంగీకరింపదగిన మాటయే. నాగమ్మ పక్షమున ఆమె నోట వెలువడిన కథ మనకు దక్కలేదు. రాజ్యము నేలిన స్త్రీమంత్రి కుటిలగా చిత్రింపబడుట చూచి పాఠకుడు జాగ్రత్త వహింపవలెను. రాజ్యమునే ఒడ్డి కోడిపోరునకు సమ్మతించినవాడు బ్రహ్మనాయుడే యనియు మరువరాదు. ఆనాడు అతని భక్తి అడ్డుపడలేదు. అయినను పక్షపాతియైన కవి తన నాయకుని పొగడుటకు ఎన్నుకొన్న గుణమేదియో గమనింపదగినది. శత్రుమతమును నిర్మూలించెనని పొగడలేదు. సంధికి సమ్మతించెనని పొగడెను. చందవోలు కథలోని ఆదర్శమునకును దీనికిని గల దూరమును ఆ పొగడ్తయే కొలుచుచున్నది.

కథ ముగింపు గూడ ఈ దిశగనే యున్నది. వీరులందరు కూలిన పిమ్మట బ్రహ్మనాయుడు నలగామరాజునకే రాజ్యమును విడిచి గుత్తికొండ బిలము ప్రవేశించెనని సంప్రదాయము. ఎవరికి వ్యతిరేకముగా పోరెనో వానికే పట్టము గట్టినచో ఆ పోరు వలన సాధింపబడిన దేమి? గాయకులు ఈ ప్రశ్నను బాహాటముగా అడుగరు. ముగింపును మాత్రము మార్చలేదు.

యుద్ధమునకు కారణము గాని మతము యుద్ధానంతరము దానినుండియే పుట్టుట ఈ చరిత్రలోని విశేషము. నాగులేటి యొడ్డున కారంపూడిలో వీరుల గుడి గలదు. ఏటేట కార్తిక అమావాస్యకు ఆరంభించి రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను ఐదు దినముల ఉత్సవము జరుగును. ఆచారవంతులు వీరుల ఆయుధములైన కొణతములను తెచ్చి పూజింతురు. మందపోరునాడు చాపకూడు పెట్టుదురు. గుంటూరు జిల్లానుండి 2022లో విడివడి పల్నాడు జిల్లా యేర్పడినపుడు ఆ పేరుతో గూడ వీరగాథాస్మృతి మరల వాడుకకు వచ్చినది. ఆయుధము దైవమగుట చూచి ఇది యుద్ధారాధనమేయని తీర్మానించుట తేలిక. కాని ఐదు దినములలో ఒక దినము పూర్తిగా రాయబారమునకు కేటాయింపబడినది. విఫలమైన శాంతియత్నమునకు, కత్తికి గల పూజతో సమానమైన స్థానమును ఆ జనులు ఎనిమిది శతాబ్దములుగా నిలుపుకొనిరి. పండితవిమర్శ ఇంకను ఆ సమత్వమును సాధింపవలసియున్నది.

వీరచరిత్రమును చెప్పు అధ్యాపకులకు మేము చేయు విన్నప మొక్కటి. ఒక పరిశోధకవిద్యార్థి మమ్ము, "ఇంతకును బాలచంద్రుడు చేసినది ఒప్పా, తప్పా?" యని యడిగెను. శైవవైష్ణవ కలహమని సమాధానము చెప్పినచో ఆ ప్రశ్న అచ్చటితో నణగిపోవును. తప్పు మతములపైకి నెట్టబడి, మనుష్యులు తప్పించుకొందురు. అలరాజు ప్రాణమునకు ధర ఎంత, ఆ ధర చెల్లించుటకు ఎందరు తమ్ములు చావవచ్చును, సంధికి సమ్మతించిన తండ్రి కొడుకును ఎందుకు ఆపలేకపోయెను అను విచారణ తరగతిలో జరుగవలెను. మేము ఆ విద్యార్థికి బాలచంద్రుని వీరత్వమును మెచ్చుచునే, అతని వాదమును మెచ్చలేకున్నామని సమాధానమిచ్చితిమి. అతడు సమ్మతింపలేదు. ద్విపదను మరల చదివి వచ్చి వాదింతునని వెళ్లెను.