రిబ్బన్లూ జోరీగలూ

పిల్లల పోటీలంటే నాకెంత మంటో ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. శ్లోకాల పోటీ, స్పెల్లింగ్ బీ, అబాకస్... అన్నిటి మీదా ఇక్కడే కారాలూ మిరియాలూ నూరాను. ఈ వారం ఆ జాబితాలో గుర్రం చేరింది.

టెక్సస్‌లో ఉంటున్న మా మేనల్లుడు పొద్దున్నే ఫోన్ చేశాడు. కూతురు ఫోర్-హెచ్ క్లబ్బులో చేరి, లీజుకు తీసుకున్న గుర్రంతో హార్స్ షోకి వెళ్ళిందట. బహుమతి రిబ్బను రాలేదు. "గిట్టలో మట్టి ఉందని జడ్జి మార్కులు కోసేశాడు మావయ్యా, మరీ అన్యాయం" అన్నాడు. పిల్ల అప్పుడే మర్చిపోయింది, కుమిలిపోతున్నది తండ్రి. ఇంకేం, నాకు కాలమ్ దొరికింది.

ఫోర్-హెచ్ అంటే అక్కడి విశ్వవిద్యాలయాల వ్యవసాయ విస్తరణ విభాగాలు పిల్లల కోసం నడిపే కార్యక్రమం. టెక్సస్‌లో 1908లో జాక్ కౌంటీలో మగపిల్లల మొక్కజొన్న క్లబ్బుగా మొదలై, పందులూ ఆవులూ దాటి గుర్రాల దాకా వచ్చింది. షో సంగతి పక్కనపెట్టి వేసవి క్యాంపు గురించి అడిగితే పాప చెప్పిన కబుర్లు వింటూ కూర్చుండిపోయాను. దవడ ఎముక కింద వేళ్ళు పెట్టి నాడి చూడాలట. తీరిగ్గా నిలబడ్డ గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44. చిగురు మీద నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు తిరగాలి. థర్మామీటరు పెట్టేది వెనకవైపు కాబట్టి దానికి దారం కట్టి, దారం కొసన బట్టల క్లిప్పు తగిలించి, ఆ క్లిప్పును తోక వెంట్రుకలకు పెడతారు. లోపలికి జారిపోదు, కిందపడి పగలదు. డొక్క మీద స్టెతస్కోపు ఆనించి పేగుల చప్పుడు వినాలి. "చప్పుడుంటే మంచిది తాతా, లేకపోతేనే డాక్టర్ని పిలవాలి" అంది. గుర్రానికి వాంతి కాదు. అందుకే కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికొస్తుంది.

షోలు ఎత్తేసి ఈ క్యాంపులుంచితే చాలదా అని రాయబోతుంటే మా గుడివాడ జట్కా సాయిబు గుర్తొచ్చి అడ్డుపడ్డాడు.

"కాస్త ముందుకు జరగండి బాబూ" అనే కేక, కూర్చునే చోట గోనెపట్టా కింద పచ్చగడ్డి, గుర్రం మూతికి కట్టిన సంచిలో నానిన ఉలవలు. చర్నాకోల కర్రను చక్రం ఆకుల మధ్య పెట్టి టకటకలాడించేవాడే తప్ప దాని ఒంటి మీద వెయ్యడం నేనెన్నడూ చూడలేదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెతను అక్షరాలా పాటించిన మనిషి. సాయంత్రం బండి విప్పాక దాని పొట్టకు చెవి ఆనించి వినేవాడు కూడా. ఏ క్యాంపులో నేర్చుకున్నాడో! అయినా ఆ గుర్రం పక్కటెముకలు వీధి అవతలినుంచి లెక్కపెట్టొచ్చు. పట్టీ రాసుకున్నచోట పుండు మానేది కాదు. పసుపూ నూనే రాసి మళ్ళీ దాని మీదే పట్టీ బిగించేవాడు. జట్కా ఎక్కేవాళ్ళం బేరమాడేవాళ్ళమే గానీ ఆ పుండు సంగతి అడిగినవాళ్ళం కాదు.

గుర్రం ఒంటి కొవ్వును 1 నుంచి 9 దాకా కొలిచే పద్ధతిని డాన్ హెన్నెకీ అనే ఆయన 1983లో ప్రకటించాడు, అదీ టెక్సస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయంలోనే. పక్కటెముకలు కంటికి కనపడకూడదు, తడిమితే చేతికి తగలాలి. అలా ఉంటే 5. సాయిబు గుర్రం 2 దాటేది కాదు. ఆయన ప్రేమలో లోటేం లేదు. కానీ బయటివాడొకడు వచ్చి ఆ గుర్రాన్ని తడిమి చూసే రోజు ఏడాదికొక్కటైనా రాలేదు.

పాప వెళ్ళింది షోమన్‌షిప్‌కి. అందులో స్వారీ ఉండదు. గుర్రాన్ని చేత్తో నడిపించి, నాలుగు కాళ్ళూ కుదురుగా నిలబెట్టాలి. మార్కులు గుర్రం అందానికి కావు, పిల్ల దాన్ని సాకిన తీరుకూ నడిపించిన తీరుకూ. గిట్టలో మట్టి ఊరికే పోదు, అక్కడ తడి నిలిచి కుళ్ళు పడుతుంది. మార్కులు కోసినాయన గుర్రం పక్షానే ఉన్నాడు.

జడ్జి కంటే ముందు గేటు దగ్గర ఇంకో లెక్క ఉంది. జోరీగలు ఒక గుర్రాన్ని కుట్టి ఇంకోదాన్ని కుడితే అంటుకునే రక్తహీనత రోగం ఒకటుంది. మందూ లేదు, టీకా లేదు. దాన్ని పట్టుకునే రక్తపరీక్షకు, కనిపెట్టిన లెరాయ్ కాగిన్స్ పేరే పెట్టారు. రోగముందని తేలితే చంపెయ్యాలి, లేదా బతికినన్నాళ్ళూ మిగతా గుర్రాలకు 200 గజాల దూరంలో కట్టెయ్యాలి. గడిచిన ఏడాదిలోపు చేయించిన పరీక్ష కాగితం లేకుండా టెక్సస్‌లో గుర్రాన్ని షోకి తేకూడదు. షో లేకపోతే, నిక్షేపంలా మేస్తున్న గుర్రానికి డబ్బు పోసి ఆ పరీక్ష ఎంతమంది చేయిస్తారు?

కాబట్టి గుర్రాల పోటీలు ఉండాల్సిందే. శ్లోకాల పోటీల మీద నా పగ అలాగే ఉంటుంది; శ్లోకానికి గిట్టలుండవు.

మన దగ్గర గ్లాండర్స్ అని ఇంకో గుర్రపు జబ్బుంది, మనుషులకూ అంటుతుంది. అనుమానమొస్తే రక్తం హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి వెళ్తుంది. తేలిన గుర్రాన్ని చంపాల్సిందే. పెళ్ళికొడుకును ఎక్కించేముందు ఆ గుర్రానికి పరీక్ష అయిందా అని అడిగిన పెళ్ళివారిని నేను చూడలేదు. వచ్చే నెల హైదరాబాద్‌లో మా బంధువులింట బరాత్ ఉంది, అడుగుదామనుకుంటున్నాను. వియ్యాలవారి ముందు నోరు తెరవద్దని మా ఆవిడ ఇప్పటికే చెప్పేసింది.