బైబిలు మిషను: పుట్టుక, విశ్వాసము, ఒక విమర్శ

మాతృసంఘమునుండి చీలిన చిన్న సమాజమును మూఢభక్తియని త్రోసిపుచ్చుటయో, అద్భుతమని కొనియాడుటయో లోకమున పరిపాటి. రెండును విమర్శ కానేరవు. ఆంధ్రదేశమున పుట్టిన బైబిలు మిషను ఈ రెండు తీర్పులకును లోనైనది.

1842లో హెయర్ గుంటూరు చేరుటతో అచట లూథరను మతప్రచారము మొదలయ్యెను. 1927లో ఆంధ్ర సువిశేష లూథరను సంఘ మేర్పడెను. ఆ సంప్రదాయమున పెరిగిన కీర్తనకర్త ముంగమూరి దేవదాసు. 1938లో రాజమహేంద్రవరమున ఆయనకు గాలిలో బంగారు అక్షరములతో ‘బైబిలు మిషను’ అను పేరు గోచరించెనని అనుయాయుల విశ్వాసము. అంతట ఆయన మాతృసంఘమును వీడెను.

త్రిత్వము, సిలువ మున్నగు మూలసిద్ధాంతముల నీ సమాజము విడువలేదు. భేదమెల్ల తెలిసికొను మార్గమున నున్నది. దేవుడు నేడును స్వప్నములయందు, దర్శనములయందు పలుకుననియు, సంశయము కలవారు ఆయననే అడుగవలెననియు వీరు నమ్ముదురు. సన్నిధిలో కనిపెట్టుట, ప్రార్థనచే స్వస్థత వీరి భక్తికి ప్రధానాంగములు.

తమిళదేశమున 1857లో సట్టాంపిళ్ళై తిరునెల్వేలి ప్రాంతమున మిషనరీలతో విభేదించి, పాశ్చాత్యాచారములను నిరాకరించి, శనివారమును విశ్రాంతిదినముగా పాటించు వేరుసభ నేర్పరచెను. అచట కలహము ఆచారమును గూర్చినది. ఇచట అనుభవమును గూర్చినది. చిత్రమేమన, ‘బైబిలు’, ‘మిషను’ రెండును పరభాషాపదములే. వానిని పేరుగా ధరించిన సమాజము మాత్రము ఏ విదేశీయ మిషనుయొక్క సృష్టియు కాదు.

పి. సాల్మన్ రాజు 1986లో ప్రకటించిన ఆంగ్లగ్రంథమున దీనిని క్రైస్తవ జానపదమతముగా నిరూపించెను. ప్రజల పాటను, కలను, రోగబాధను శాస్త్రదృష్టితో గౌరవించుట ఆ గ్రంథమునకు గుణము. అయినను ‘జానపద’ శబ్దము సంపూర్ణముగా సరిపడదు. దేవదాసు లూథరను బోధలో ఆరితేరినవాడు. ఆయన కీర్తనలు ఆంధ్రక్రైస్తవ కీర్తనల సంపుటమున చేరి, మిషనుకు వెలుపలివారి నోళ్లయందును నిలిచినవి. ఇది అక్షరజ్ఞాన మెరుగని భక్తి గాదు. చదువును దాటి అనుభవమును కోరిన భక్తి.

అసలు చిక్కు వేరొకటి కలదు. దర్శనమును పరీక్షించున దెవరు? గ్రంథమే పరీక్ష యన్నచో దర్శనమునకు రెండవ స్థానమే మిగులును. దర్శనమే ప్రమాణ మన్నచో పేరులోని ‘బైబిలు’ వ్యర్థమగును. 1960లో స్థాపకుడు గతించిన పిమ్మట ఆయన వ్రాతలే అనుయాయులకు ఆధారమైనవి. సంప్రదాయమును కాదని ప్రత్యక్షమును కోరిన ఉద్యమము తానును సంప్రదాయమైనది. ఇది దాని ఓటమి గాదు. నిలిచిన ప్రతి ఉద్యమమును చెల్లించు మూల్యము.